కొండవీడుకు మరో పేరు ముర్తుజానగరం

యడ్లపాడు: కొండవీడు అనగానే రెడ్డిరాజులు గుర్తుకొస్తారు. ఈ దుర్గానికి ముర్తుజానగరం అనే పేరు కూడా ఉండేదని నేడు చాలామందికి తెలియదు.

రెడ్డిరాజుల తర్వాత కొంతకాలానికి దుర్గం గజపతుల పాలైంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గెలుచుకున్నారు. గోల్కొండ సేనలు 1531, 1536లలో దండెత్తి వచ్చాయి. చివరకు 1579లో, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, కోట గోల్కొండ వశమైంది. అప్పుడు పెట్టిన పేరే ముర్తుజానగరం. తర్వాత గుంటూరు సర్కారుకూ ఆ పేరు నడిచింది.

తెలుగంటే మక్కువ

ఇబ్రహీం గద్దెనెక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని పిలిచారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకోవడంతో కుతుబ్‌షాహీల పాలన ముగిసింది. 1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి కుంఫిణీ చేతికి వచ్చింది.

పేరు పోయినా మాట పోలేదు

ముర్తుజానగరం పేరు జనం నోట నిలవలేదు. నవాబుల కచేరీల్లో నడిచిన మాటలు మాత్రం మన ఊళ్లలో పాతుకుపోయాయి. రైతు, కౌలు, ఇనాము, హద్దు, దస్తావేజు అన్నీ అలా వచ్చినవే. ఏటా జూలై 1న మొదలయ్యే ఫసలి కూడా ముస్లిం పాలకులు పెట్టిన లెక్కే.

1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. పాత ఇనాము కాగితాలు చదివి చెప్పగల పెద్దలు తగ్గిపోతున్నారు. పొలం తగవు వచ్చినప్పుడు ఆ కాగితమూ ఆధారం కావచ్చు. పెట్టెల్లో చెదలుపాలు కాకముందే వాటిని తీసి, తెలిసినవారి చేత చదివించుకోవడం మంచిది.