నాల్గవజామున విమానచోదకుడు

అనకాపల్లి గవరపాలెము నుండి యొక యువకుడు పంపిన ఉత్తరము ఈ మాసపు వ్యాసమునకు హేతువు. ఇన్నూరు గంటల గగనయానమును ముగించి, పరీక్షలన్నియు గట్టెక్కి, వాణిజ్య విమానచోదకుని లైసెన్సు సంపాదించుకొన్న ఆ యువకుడు, రాత్రివేళ సరుకులు మోయు కార్గో కంపెనీలో కుదురుటయా, లేక చిన్నపట్టణముల నడుమ ఎ.టి.ఆర్. విమానములు నడపు ప్రాంతీయ సంస్థలో చేరుటయా యని తర్జనభర్జన పడుచున్నాడు. జీతమును గురించియు, కెప్టెన్ పదవి యెన్నేండ్లకు వచ్చుననియు నతడడిగిన ప్రశ్నలు న్యాయమైనవే గాని, నన్ను పట్టి నిలిపినవి అవి కావు. ఉత్తరము చివర నతడిట్లు వ్రాసినాడు: "రైల్వేలో గార్డు చేసి రిటైరైన మా పెదనాన్నగారు, రాత్రి డ్యూటీ మొదటి ఆరు నెలలే కష్టంరా, తరవాత ఒంటికి అదే అలవాటైపోతుంది అంటున్నారు. నిజమేనాండి?"

నిజము కాదు నాయనా. పెదనాన్నగారి యనుభవమును తక్కువచేయుట నా యుద్దేశము కాదు. గత శతాబ్దపు మహామహులైన శాస్త్రజ్ఞులు సైతము చాలకాలము ఆయన పక్షముననే యుండిరి. వారెట్లు పొరపడిరో చెప్పుట నాకు పరమానందకరమైన పని.

తెలిసిన సంగతులను ముందుగా త్వరత్వరగా ముగింతును. ఇన్నూరు గంటలతో వాణిజ్య లైసెన్సు వచ్చును. కెప్టెన్ కావలెనన్న 1500 గంటల యనుభవముతో వచ్చు పైస్థాయి లైసెన్సు కావలెను. కార్గోలో జెట్ విమానము, దూరపు ప్రయాణము, రాత్రికి ఒకటి రెండు ల్యాండింగులు. ప్రాంతీయ సంస్థలో టర్బోప్రాప్ విమానము, ఇరువదియైదు వేల అడుగులకు మించని యెత్తు, వానమబ్బుల నడుమ ప్రయాణము, దినమునకు నాలుగైదు ల్యాండింగులు. చెన్నపట్నము కేంద్రముగా బ్లూడార్ట్ వారి బోయింగ్ 757లు రాత్రులందు మహానగరముల నడుమ తిరుగుచున్నవి. 2023 జనవరిలో అమెజాన్ వారు తమ సరుకు విమానములను హైదరాబాదునుండియే ప్రారంభించిరి. ప్రాంతీయ విమానయానమునకు ఊపిరి ఉడాన్ పథకము. 2017 ఏప్రిల్ 27న దానిక్రింద ఎగిరిన తొలి విమానములలో కడప-హైదరాబాదు విమానమొకటి. దానిని నడిపిన ట్రూజెట్ 2022లో ఆగిపోయినది. కార్గోలో గోపీనాథ్ స్థాపించిన డెక్కన్ 360 అంతకు చాల ముందే ఆగిపోయినది. కనుక సంస్థల స్థిరత్వమును బట్టి యెన్నుకొనదలచువానికి ఈ రెండు దారులలో ఏదియు నిశ్చింతనొసగదు.

సరుకు రాత్రియే యేల ఎగురవలెను? పొద్దుగ్రుంకిన పిమ్మట మూటగట్టినది మరునాటి యుదయము గుమ్మము కడకు రావలెనని జనులు కోరుటచేత. నాలుగు దిక్కులనుండి విమానములు నడిరేయి యొక మధ్యస్థలమున దిగి, సరుకులు మార్చుకొని, తెల్లవారకమునుపే తిరిగిపోవు ఏర్పాటును 1973లో మెంఫిస్ నగరమున ఫెడెక్స్ వారు కనిపెట్టిరని పలువురు చెప్పగా వినినప్పుడెల్ల నాకు ఒళ్లు మండును. 1949 జనవరి 30 మొదలుకొని ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి టపాసంచులతో బయలుదేరిన విమానములు అర్ధరాత్రి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని మరలిపోవుచుండెను. ఆ యేర్పాటు మనకు క్రొత్త కాదు. దానివలన కలిగిన జాగరణమును క్రొత్త కాదు.

ఇక అసలు సంగతి. కంటినుండి మెదడునకు పోవు నరములు రెండును ఒకదానినొకటి దాటు కూడలికి సరిగా పైన రెండు చిన్న కణసముదాయములు కలవు. రెంటను కలిపి సుమారు 20,000 నాడీకణములు. వానిలో ప్రతి కణమునందును ఒక జన్యువు ఒక ప్రోటీనును పుట్టించును. ఆ ప్రోటీను పేరుకొని పేరుకొని, తుదకు తన పుట్టుకకు మూలమైన జన్యువునే అణచివేయును. ఉత్పత్తి యాగినంతట ఉన్న ప్రోటీను క్రమముగా నశించును. అది నశింపగా జన్యువు మరల పని నారంభించును. ఈ చక్రమొకసారి తిరుగుటకు ఇంచుమించు ఒక దినము పట్టును. పండ్ల యీగలలో దీని గుట్టు విప్పిన హాల్, రోస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. శరీరోష్ణమును, నిద్రను, ఆకలిని, చురుకుదనమును నడపునది ఈ గడియారమే. రాత్రి నిద్రించువానికి తెల్లవారుజామున నాలుగైదు గంటల నడుమ దేహోష్ణము అత్యల్పమగును. ఆ వేళ చూచిన అంకె మనసుకెక్కదు, చేయవలసిన పని క్షణకాలము ఆలస్యమగును. వైమానిక నిబంధనలు రాత్రి రెండు మొదలు ఆరు వరకు గల కాలమును ప్రమాదవేళగా నెంచుట యిందులకే. అనకాపల్లి ప్రాంతమున చెరకు గానుగల కడ తెల్లవార్లు బెల్లము వండువారినడిగినను ఇదే చెప్పుదురు. పెనములో పాకము అదను తప్పునది, తెడ్డు పట్టినవాని రెప్ప వాలునది ఆ జాముననే.

ఈ గడియారము మనలోపలనే యున్నదని గ్రహించుటకు మానవునకు పట్టిన కాలము తక్కువది కాదు. 1729లో ఫ్రెంచి పండితుడు ద మేరాన్, అత్తిపత్తివంటి మొక్కను చీకటిలో నుంచినను అది పగలు ఆకులు విప్పుచు రాత్రి ముడుచుకొనుచు నుండుట కనిపెట్టెను. కనిపెట్టియు, సూర్యుని చూడకయే మొక్క యెట్లో సూర్యుని పసిగట్టుచున్నదని తలపోసి, చేతికందిన సత్యమును జారవిడిచెను. నూరేండ్లకు పిమ్మట 1832లో దకందోల్, ఎడతెగని వెలుగులో నుంచిన మొక్క దినము 24 గంటలకు తక్కువయై నానాటికి సూర్యునితో ఎడబడుచున్నదని చూపినప్పుడు గాని ఆ భ్రమ తీరలేదు.

1938 వేసవిలో షికాగో ఆచార్యుడు క్లైట్మన్, శిష్యుడైన రిచర్డ్‌సన్‌ను వెంటబెట్టుకొని కెంటకీలోని మామత్ గుహలో 32 దినములు నివసించి, 28 గంటల దినమును పాటింపజూచెను. శిష్యుని దేహోష్ణము క్రొత్త లయకు లొంగెను. నలుబది దాటిన గురువుది 24 గంటలను విడువలేదు. వయసులో నున్నవాడు దేనికైనను అలవాటుపడుననువారికి ఇంతకన్న కావలసినదేమి? పిమ్మట జర్మనీలో ఆషాఫ్, వేవర్ అనువారు భూగర్భగృహములలో మనుష్యులనుంచి, మానవుని గడియారము సుమారు 25 గంటలదని తేల్చిరి. దీని యర్థమును గమనింపుడు: గడియారము దినమునకొక గంట తనంతట వెనుకబడునదే యైనచో, పది పండ్రెండు దినములలో రాత్రి డ్యూటీకి దేహము అప్రయత్నముగా ఒదిగిపోవలెను. పెదనాన్నగారి మాటకు ఇంతకంటె గొప్ప శాస్త్రసమ్మతి లభింపదు!

కాని ఆ గృహములలో దీపపు స్విచ్చి నివాసుల చేతిలోనే యుండెను. పొద్దుపోవునంతవరకు వారు వెలిగించుకొన్న దీపమే గడియారమును వెనుకకు నెట్టుచుండెను. కొలువవలసినదానిని కొలతబద్దయే సాగదీసినది. 1999లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన చైస్లర్ బృందము, మసకవెలుతురులో 28 గంటల దినమును విధించి కొలువగా, గడియారము 24 గంటల 11 నిమిషములదని తేలెను. యువకులకును వృద్ధులకును ఒకటే. ఇరువదియైదు గంటల సౌధము ఆ పదునొకండు నిమిషములతో కూలిపోయినది.

గడియారము తనంతట అంతగా కదలనప్పుడు దానిని కదల్పవలసినది వెలుగు. ఆ వెలుగు చేయు పనిలో నొక మర్మమున్నది: దేహోష్ణము అట్టడుగునకు చేరకముందు పడిన వెలుగు గడియారమును వెనుకకు జరుపును, చేరిన పిమ్మట పడిన వెలుగు ముందునకు జరుపును. రాత్రి పనికి ఒదుగవలెనన్న గడియారము వెనుకకు జరుగవలెను. అర్ధరాత్రి విమానాశ్రయపు దీపములు దానిని కొంచెము వెనుకకు జరుపునే గాని, ఉదయము పైలట్ మెట్లు దిగి బయటికి వచ్చునప్పటికి, గదిదీపముకన్న వందలరెట్లు ప్రకాశముగల సూర్యుడు ఎదుట నిలిచి, జరిగినదంతయు మరల ముందునకు నెట్టివేయును. పైగా సెలవురోజున భార్యాబిడ్డలతో పగలు తిరిగి రాత్రి నిద్రించును; గడియారము మొదటికి వచ్చును. ఆరు నెలలు గడచినను అతడు చేయుచున్నది మొదటి రాత్రి డ్యూటీయే.

మన ప్రాంతపువాని విషయమున సూర్యుడు మరింత కఠినుడు. దేశమంతటికి ప్రమాణమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ చెంతగా పోవుచున్నది. అనకాపల్లి దానికి కొంచెము తూర్పున నున్నది. జూన్ మాసమున ఇక్కడ అయిదున్నర కాకముందే సూర్యోదయమగును. ముంబైలో ఆరు గంటలగును. ఒకే వేళకు దిగిన ఇద్దరు పైలట్లలో ముంబైవాడు చీకటిలో ఇల్లు చేరవచ్చును. విశాఖలో దిగినవానికి ఎండ కన్నులలో పొడుచును.

దీని ఫలితములు చరిత్రలో నమోదై యున్నవి. అలసటయే కారణమని అమెరికా దర్యాప్తు సంస్థ మొదటిసారి తేల్చిన ప్రమాదము 1993లో గ్వాంటనామో వద్ద కూలిన డి.సి.-8, సరుకు విమానమే. 2009లో బఫెలో వద్ద ప్రాంతీయ విమానము కూలి 50 మంది మరణింపగా, పైలట్ల విశ్రాంతికి అక్కడ క్రొత్త నిబంధనలు పుట్టి 2014లో అమలునకు వచ్చెను. కాని వానినుండి కార్గో సంస్థలను మినహాయించిరి! అమలునకు కొన్ని నెలలముందే, 2013 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వద్ద తెల్లవారకమునుపు యు.పి.యస్. సరుకు విమానము కూలి పైలట్లిద్దరును మరణించిరి. మూటలకు ప్రాణము లేకపోవచ్చును గాని, వానిని మోయువానికి లేదా? మనకును 2010 నాటి మంగళూరు దుర్ఘటన గలదు. ప్రయాణములో సగమునకు పైగా నిద్రించి లేచిన కెప్టెన్ చేత ఉదయమారు గంటల వేళ 158 మంది ప్రాణములు పోయినవి. ఇక్కడి పౌరవిమానయాన డైరెక్టరేటు 2024 జనవరిలో రాత్రివేళను ఆరు గంటల వరకు పొడిగించి, రాత్రి ల్యాండింగులను ఆరునుండి రెంటికి తగ్గించి, వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48కి పెంచెను. రెండేండ్ల వ్యవధి యుండియు తగినంతమంది పైలట్లను సమకూర్చుకొనక, 2025 డిసెంబరులో దేశములోని అతిపెద్ద సంస్థ వేలకొలది విమానములను రద్దుచేసికొన్నది.

ప్రాంతీయ సంస్థయు నిర్దోషి కాదు. ఉదయమారు గంటల తొలి విమానమునకు పైలట్ మూడుగంటలకే లేవవలెను, నిద్ర కోసుకుపోవును. అయినను ఒక భేదము గలదు. పెందలకడ లేచుటకు గడియారము ముందునకు జరుగవలెను. ఉదయపు సూర్యుడు చేయు పనియే యది. కార్గో పైలట్‌కు శత్రువైన ఎండ ఇతనికి మిత్రుడు. దినమునకు నాలుగైదు ల్యాండింగులవలన చేయి కుదురుట అదనపు లాభము. కనుక మొదటి కొన్నియేండ్లు ఎ.టి.ఆర్. నడుపుమనియే నా సలహా.

ఉపాయములు చెప్పుమని సంపాదకులు ఒత్తిడి చేయుచున్నారు గనుక చెప్పెదను: కార్గోలో చేరినచో దిగినవెంటనే నల్లకళ్లద్దములు, వేరొకరు నడపు కారు, చీకటి చేసిన పడకగది కావలెను. నడుమ కునుకును మేలే: నాసావారి ప్రయోగమున 40 నిమిషముల విరామములో సగటున 26 నిమిషములు కునుకు తీసిన పైలట్లు ల్యాండింగువేళ చురుకుగా నుండిరి. అన్నిటికంటె ముఖ్యము రోస్టరు. వరుసగా ఎన్ని రాత్రులు, తిరిగి దిగు వేళ యెంత, డ్యూటీ నడుమ పరుండుటకు గది యున్నదా యని ఇంటర్వ్యూలోనే అడుగుము. జీతమెంతో దండోరా వేసి, గడచిన నెల రోస్టరును మాత్రము చూపుటకు సంకోచించు కంపెనీలో, అది మోయునది మూటలైనను మనుష్యులైనను, చేరవలదు.