మొరాయించిన డిస్కు నుండి సమాచారం రాబట్టుట ఎట్లు?

నర్సీపట్నంలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు సెలవులలో మన్యం గ్రామాలు తిరిగి, ముసలివారు పాడిన పాటలను రికార్డు చేసి కంప్యూటరులో దాచినాడనుకొందాం. పన్నెండేళ్ళు గడిచినవి. పాడినవారిలో పలువురు నేడు లేరు. ఒకనాడు మీట నొక్కగా కంప్యూటరు తెరుచుకోలేదు. పెట్టెలో నుండి టిక్కు టిక్కుమని చప్పుడు మాత్రం వచ్చింది. పాటలు పోయినట్లేనా?

అది చాలవరకు ఆ తరువాతి పది నిమిషాలలో ఆయన చేసే పనిని బట్టి ఉంటుంది. ఎందుకో తెలియాలంటే డిస్కు లోపలి సంగతి కొంత చూడాలి.

హార్డ్ డిస్కులో అల్యూమినియంతోగాని గాజుతోగాని చేసిన పళ్ళాలుంటాయి. వాటిపై అతి పలుచని అయస్కాంత పూత ఉన్నది. సమాచారమంతా ఈ పూతలోని సూక్ష్మ ఖండాల అయస్కాంత దిశలుగా నమోదవుతుంది. బల్లపై కంప్యూటర్లలో పళ్ళెం సాధారణంగా నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అప్పుడు దాని అంచు గంటకు 120 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతుంది. చింతపల్లి ఘాటు ఎక్కే బస్సు ఏనాడూ ఎరుగని వేగమిది. చదివే శీర్షం పళ్ళేనికి తగలదు, దానితో తిరిగే గాలిపొరపై తేలుతుంది. నేటి డిస్కులలో ఈ ఎడం పది నానోమీటర్లకు లోపే. మనిషి వెంట్రుక మందమో, డెబ్బది వేల నానోమీటర్లకు అటూ ఇటూ. అంటే ఆ శీర్షానికి దుమ్మురేణువు ఒక కొండ! డిస్కు మూతను ఇంట్లో విప్పరాదనేది ఇందుకే.

శీర్షం తన చోటు గుర్తించలేక మరల మరల వెనుకకు పోయి ప్రయత్నించడమే తరచు ఆ చప్పుడుకు కారణం. చెడిన శీర్షం పళ్ళేన్ని రాసుకొంటే పూత పొడిగా రాలుతుంది. ఆ పొడిలోనే పాట కూడా పోతుంది. కాబట్టి మొదట విద్యుత్తు ఆపాలి. ‘మరొక్కసారి చూద్దాం’ అని మీట నొక్కడం, కాలు విరిగినవానిని నడిపించి చూడడం వంటిది. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగుపడుతుందని కొందరంటారు. లంబసింగి చలిలో నుండి కిందికి దిగినవాని కళ్ళద్దాలపై తేమ పట్టడం చూసినవారు ఈ వైద్యాన్ని నమ్మరు. చల్లబడిన పళ్ళెంపైనా అదే తేమ పడుతుంది గదా.

చప్పుడు లేక, పొరపాటున ఫైలును చెరిపివేసిన సందర్భం వేరు. గ్రంథాలయంలో పట్టిక నుండి ఒక పేరు కొట్టివేసినంత మాత్రాన బీరువాలోని పుస్తకం మాయం కాదు. పాత డాస్ పద్ధతిలో ఫైలును చెరిపితే, పేరులోని మొదటి అక్షరం స్థానే ఒక గుర్తు పడేది. ఆ ఫైలు చోటు ఖాళీ అని పట్టికలో నమోదయ్యేది. అసలు సమాచారం, దానిపై వేరొకటి వ్రాసేవరకు, అక్కడే ఉండేది. అందుచేత అటువంటి డిస్కుపై కొత్తగా ఏమీ వ్రాయరాదు. రాబట్టే ప్రోగ్రామును సైతం వేరొక డిస్కు నుండి నడపాలి.

చప్పుడు చేయకుండా తిరుగుతూ, అక్కడక్కడ చదవలేకపోతున్న డిస్కును ముందుగా మొత్తంగా నకలు తీస్తారు. ‘డిడి రెస్క్యూ’ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పనిలో తెలివైనది. అది తొలుత సులభంగా చదవగల భాగాలను తీసికొని, మొండి భాగాలను చివరికి వాయిదా వేస్తుంది. కొనఊపిరితో ఉన్న డిస్కు ఎప్పుడు ఆగునో ఎవరికి తెలుసు? ఆపై వెతుకులాట అంతా నకలులోనే. పట్టిక చెడినా, ఫైళ్ళకు పుట్టుమచ్చలున్నవి: ‘వేవ్’ రకం పాట ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. వాటిని పట్టుకొని ‘ఫోటోరెక్’ వంటి ప్రోగ్రాములు ఫైళ్ళను ఏరుతాయి. వాటి పేర్లు మాత్రం సాధారణంగా తిరిగి రావు.

ఇట్టి ప్రయత్నానికి పరాకాష్ఠ కొలంబియా డిస్కు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న ఆ వ్యోమనౌక శకలాలలో, సుమారు 400 మెగాబైట్ల డిస్కు ఒకటి కాలి, మసిబారి దొరికింది. అందులో జెనాన్ వాయువు స్నిగ్ధతపై చేసిన ప్రయోగ ఫలితాలున్నవి. లోపలికి మన్ను చేరి పళ్ళాలపై గుంటలు చేసింది. కాని గుంటలు పడినచోట సమాచారం లేదు. పైగా అది డాస్ డిస్కు కావడంతో సమాచారం చెల్లాచెదరు కాక వరుసగా ఉన్నది. నిపుణులు పళ్ళాలను కడిగి, కొత్త యంత్రభాగాలలో అమర్చి, దాదాపు 99 శాతం చదివినారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమైనవి. అక్కడే దొరికిన మరి రెండు డిస్కుల పళ్ళాలు మాత్రం అయస్కాంతత్వాన్ని కోల్పోయినవి. వాటిని ఎవ్వరూ చదవలేకపోయినారు.

కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డిలలో సంగతి మరింత కఠినం. వాటిలో అనేకం ‘ట్రిమ్’ అనే ఆజ్ఞ వల్ల, చెరిపిన చోటును కొద్దిసేపటికే తమంతట తామే శుభ్రం చేసుకొంటాయి. పెన్‌డ్రైవులో విద్యుదావేశం ఏళ్ళ తరబడి వాడకపోతే మెల్లగా కారిపోవచ్చు. రికార్డు చేసిన సీడీలోని రంగు పూతకు ఎండ శత్రువు. ఫ్లాపీలకు, టేపులకు వానకాలపు బూజు. బూజు పట్టినదానిని అలాగే యంత్రంలో పెడితే యంత్రమూ పాడవుతుంది.

ఆ పాటలకు రెండు నకళ్ళు ఉండి, ఒకటి నర్సీపట్నంలో, మరొకటి విశాఖపట్నంలో ఉంచితే చాలునా? 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ ప్రాంతమంతటినీ ఒకే రోజున కుదిపింది. మూడవ నకలు హైదరాబాదు వంటి దూరపు ఊరిలో ఉండడం మేలు.