గాజు గోడలు, పగటి లైట్లు: ఆఫీసు డిజైన్‌పై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో గచ్చిబౌలి, మాదాపూర్ వైపు చాలా ఐటీ భవనాల్లో మిట్టమధ్యాహ్నం కనిపించేది ఒకటే. బయట ఎండ మండిపోతుంటుంది. లోపల బ్లైండ్లు దించేసి, లైట్లన్నీ వేసుకుని పనిచేస్తుంటారు. వెలుతురు కోసమని గాజు గోడలు కట్టించి, ఆ వెలుతురును భరించలేక మూసేసుకుంటున్నాం. పర్యావరణానికి మేలు చేసే ఆఫీసు ఎలా ఉండాలన్న దానిపై మనలో పాతుకుపోయిన అపోహలే దీనికి మూలం.

అపోహ: గాజు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత ఆదా.

వాస్తవం: కిటికీ నుంచి పనికొచ్చే వెలుతురు లోపలికి వెళ్లేది దాని పైఅంచు ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దూరం వరకే. పైఅంచు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే, సుమారు నాలుగున్నర నుంచి ఆరు మీటర్లు. బల్ల ఎత్తుకు కింద ఉన్న గాజు వల్ల బల్ల మీదికి వచ్చే వెలుగు చాలా తక్కువ, గదిలోకి వచ్చే వేడి మాత్రం ఎక్కువ. తూర్పు, పడమర ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి సజ్జలు దాన్ని సరిగా ఆపలేవు. అందుకే భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా, లోతు తక్కువగా కట్టి, కిటికీలను ఉత్తర దక్షిణాలకు పెట్టాలి. కిటికీ పైభాగంలో అడ్డంగా అమర్చే లైట్ షెల్ఫ్ ఎండను సీలింగ్ మీదికి మళ్లిస్తుంది. దాంతో కళ్లకు మిరుమిట్లు తగ్గి, వెలుగు లోపలి వరుసలకూ చేరుతుంది.

అపోహ: ఎల్‌ఈడీలు బిగిస్తే లైటింగ్ పని అయిపోయినట్టే.

వాస్తవం: ఎవరూ లేని మీటింగ్ రూములో వెలిగే ఎల్‌ఈడీ కూడా వృథాయే. మామూలు ఆఫీసు పనికి బల్ల మీద 300 నుంచి 500 లక్స్ వెలుతురు సరిపోతుంది. నడవాలకు అంత అక్కర్లేదు. కిటికీ పక్క వరుస లైట్లకు వేరే సర్క్యూట్, పగటి వెలుతురును బట్టి వాటిని తగ్గించే సెన్సర్ ఉండాలి. రంగులూ లెక్కలోకి వస్తాయి. పైపులు బయటికి కనిపించేలా వదిలేసి సీలింగ్‌కు నల్లరంగు వేయడం ఇప్పుడు ఫ్యాషన్. ఆ నలుపు వెలుగును మింగేస్తుంది, మళ్లీ లైట్లు పెంచాల్సి వస్తుంది. తెల్లటి సీలింగ్ అదనంగా పైసా ఖర్చు లేకుండా వెలుగును తిరిగి పంచుతుంది.

అపోహ: తెల్లటి తీక్షణమైన వెలుగుంటే ఉద్యోగులు చురుగ్గా ఉంటారు.

వాస్తవం: కళ్లను అలసటకు గురిచేసే వాటిలో ముఖ్యమైనది మిరుమిట్లు. దీన్ని యూజీఆర్ అనే సూచికతో లెక్కిస్తారు. ఆఫీసుల్లో అది 19 దాటకూడదన్నది ప్రమాణం. నీలి ఛాయ వెలుగుకు స్పందించి శరీర గడియారాన్ని సరిచేసే ప్రత్యేక కణాలు కంటిలో ఉన్నాయని 2002లో తేలింది. పగలు అలాంటి వెలుగు మేలే. రాత్రి అదే వెలుగు నిద్రను వెనక్కి నెడుతుంది. నైట్ షిఫ్టులు నడిచే నగరంలో ఇది ఆరోగ్య సమస్య. రోజంతా ఒకే వెలుగు ఇవ్వడం డిజైన్ అనిపించుకోదు.

అపోహ: చల్లగాలి కొడితేనే చల్లదనం.

వాస్తవం: హైదరాబాద్ పోచారం క్యాంపస్‌లో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టింది. ఒకదానిలో మెరుగైన మామూలు ఏసీ పెట్టారు. రెండోదానిలో శ్లాబులోని పైపుల్లో చల్లటి నీటిని పారించి, స్వచ్ఛమైన గాలిని విడిగా పంపారు. రెండో భాగానికి సుమారు మూడో వంతు తక్కువ కరెంటు సరిపోయింది. నిర్మాణ ఖర్చు దాదాపు సమానం. ఇలాంటి చోట ఫాల్స్ సీలింగ్‌తో శ్లాబును కప్పేస్తే చల్లదనం కిందికి దిగదు. ఆ సంగతి ఇంటీరియర్ డిజైనర్‌కు ముందే తెలియాలి.

అపోహ: కుండీల్లో మొక్కలు పెడితే గాలి శుద్ధి అవుతుంది.

వాస్తవం: 1989లో నాసా చేసిన పరీక్షలు గాలి చొరబడని చిన్న గదుల్లో జరిగాయి. అలాంటి పరీక్షలన్నిటినీ 2019లో మళ్లీ లెక్కగట్టినప్పుడు, భవనంలోకి వచ్చే బయటి గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలైనా కావాలని తేలింది. మొక్కలు మనసుకు హాయినిస్తాయి, పెట్టుకోండి. గాలి బాగుండాలంటే మాత్రం తగినంత బయటి గాలి రావాలి. ఘాటు రసాయనాలు వదలని రంగులు, జిగుర్లు, చెక్క బోర్డులు ఎంచుకోవాలి.

అపోహ: గ్రీన్ భవనమంటే విదేశీ పరికరాలు, ఒక రేటింగ్ పలక.

వాస్తవం: దేశంలో తొలిసారి లీడ్ ప్లాటినం అనే గ్రీన్ రేటింగ్ పొందిన భవనం హైదరాబాద్‌లోని సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004లో అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. దాని బలం మధ్యలోని ఖాళీ ఆవరణ, జాలీ గోడలు, మిద్దె మీది తోట. మన మండువా లోగిళ్లకు తెలిసిన విద్యే అది. రేటింగ్ కూడా ఆరంభం మాత్రమే. ఏడాదికి చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో మీటరు చెప్పేదే అసలు ఫలితం.

భవనం దిశ, లోతు, శ్లాబులోని పైపుల వంటివి నిర్మాణం పూర్తయ్యాక సరిదిద్దలేనివి. అందుకే ఆర్కిటెక్ట్, ఏసీ ఇంజనీరు, లైటింగ్, ఇంటీరియర్ డిజైనర్లు తొలి ప్లాను గీసే రోజే ఒకచోట కూర్చోవాలి. అక్కడ రోజుకు తొమ్మిది గంటలు పనిచేయబోయే వారి కళ్లకు, ఒంటికి ఏది హాయినిస్తుందన్న ప్రశ్నతోనే ఆ చర్చ మొదలుకావాలి.