హ్యాండిల్ మీది ఆ చిన్న మీట

మోటారు సైకిల్ ఇంజిన్లో ప్లగ్గు రవ్వ వేయాల్సింది పిస్టన్ పైకొసకు చేరాక కాదు, చేరకముందే. రవ్వ పడగానే సిలిండర్లోని మిశ్రమమంతా ఒక్కసారిగా భగ్గుమనదు. మంట ప్లగ్గు దగ్గర పుట్టి అంచుల దాకా పాకాలి. ఇంజిన్ నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే ఒక్క మిల్లీసెకనులో క్రాంకు కదిలేది 9 డిగ్రీలు, 6000 చుట్ల దగ్గరైతే 36. అందుకే వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుకు జరగాలి. ఇది మెకానిక్కులందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ పట్టించుకోనిది రెండో సంగతి: మంట పాకే వేగం కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. యాక్సిలరేటర్ కొంచెమే తిప్పితే లోపలికి వచ్చే సరుకు పల్చన, పాత పొగ వాటా ఎక్కువ. మంట నెమ్మదిగా నడుస్తుంది, రవ్వ ఇంకా ముందే పడాలి. పూర్తిగా తిప్పితే మిశ్రమం దట్టంగా నిండి చురుగ్గా మండుతుంది. అప్పుడు రవ్వ తొందరపడితే, మంట ఇంకా చేరని మూలల్లో మిశ్రమం తనంతట తనే పేలి ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది.

పాత బ్రిటిష్ బైకుల హ్యాండిల్ మీద దీనికోసమే ఒక చిన్న మీట ఉండేది. దాని కేబుల్ మాగ్నెటోలోని క్యామ్ రింగును అటూ ఇటూ తిప్పేది. స్టార్ట్ చేసేటప్పుడు రిటార్డులో, అంటే రవ్వ ఆలస్యంగా పడేలా పెట్టాలి, లేకపోతే కిక్కు వెనక్కి తన్ని కాలికి దెబ్బ తగులుతుంది. చదును రోడ్డెక్కాక అడ్వాన్స్ చేయాలి. ఎత్తు ఎక్కుతూ ఇంజిన్ కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే కాస్త వెనక్కి లాగాలి. ఈ మూడో పనే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. బండి నడిపేవాడి చెవి లోడును కొలిచేది, వేలు టైమింగును సరిదిద్దేది.

తర్వాత ఆ పని స్ప్రింగులు బిగించిన రెండు చిన్న బరువుల చేతికి వచ్చింది. మద్రాసులో తయారైన బుల్లెట్‌లో రవ్వ సమయాన్ని నిర్ణయించే పాయింట్ల కిందా అవే ఉండేవి: వేగం పెరిగితే విచ్చుకుని క్యామును ముందుకు నెట్టేవి, తగ్గితే ముడుచుకునేవి. ఎంతో సులువు. కానీ వాటికి తెలిసింది వేగం ఒక్కటే. చదును రోడ్డు మీద సగం కూడా తిప్పని యాక్సిలరేటర్‌తో తిరిగే 4000 చుట్లూ, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని తిరుమల ఘాట్ ఎక్కేటప్పటి 4000 చుట్లూ వాటికి ఒకటే. ఘాట్‌లో ఇంజిన్ దెబ్బతినకుండా టైమింగు పెట్టాలి కాబట్టి చదును రోడ్డు మీద రవ్వ ఆలస్యమయ్యేది, పెట్రోలు వేడి కొంత సైలెన్సర్ పాలయ్యేది. మీట పోవడంతో సుఖం పెరిగింది, ఇంజిన్‌కు లోడు సంగతి తెలియకుండా పోయింది.

లోడును బట్టి మార్చడం అంత అవసరమైతే, 1930ల నుంచే కార్లలో ఉన్న వాక్యూమ్ అడ్వాన్స్‌ను బైకులకు ఎందుకు పెట్టలేదని అడగవచ్చు. ఒకే సిలిండర్ ఇంజిన్ రెండు చుట్లకొకసారి మాత్రమే గాలి పీలుస్తుంది. ఆ కుదుపులకు, పీల్పు బలంతో కదిలి టైమింగు మార్చాల్సిన పొర నిలకడగా ఉండదు. అంటే అడ్డం వచ్చింది పీల్పు తీరు, అవసరం లేకపోవడం కాదు. నాలుగు సిలిండర్లున్న యమహా ఎక్స్ఎస్ 1100కు 1978లో దాన్ని పెట్టనే పెట్టారు. బైకులు ఎలాగూ ఫుల్ రేజ్ మీదే నడుస్తాయన్న వాదన పందెం బండ్లకు సరిపోతుంది. ఆఫీసుకు వెళ్లే 150 సీసీ బండి ఊళ్లో ఎక్కువసేపు నడిచేది కొద్దిపాటి యాక్సిలరేటర్ మీదే. 2003 పల్సర్ డీటీఎస్ఐ చూడండి: కార్బొరేటర్ స్లైడులో చిన్న అయస్కాంతం, పక్కనే ఒక స్విచ్. స్లైడు ఒక హద్దు దాటగానే స్విచ్ మారుతుంది, ఇగ్నిషన్ యూనిట్ వేరే టైమింగు అందుకుంటుంది. వాక్యూమ్ గొట్టంతో పని లేకుండా లోడు కబురు మళ్లీ ఇంజిన్‌కు చేరింది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కార్బొరేటర్లు దాదాపు కనుమరుగై, యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో, లోపలికి వెళ్లే గాలి ఒత్తిడి ఎంతో సెన్సర్లు చెబుతున్నాయి. రోడ్డు పక్క మెకానిక్ చేతిలో ఇక ఏమీ మిగల్లేదన్న బాధ నిజమే, తేలిగ్గా తీసిపారేయలేం. అయితే అతను అంత శ్రద్ధగా 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టిన పాయింట్ల సందు, క్యాముకు రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ తగ్గిపోయేది, రవ్వ రోజురోజుకీ వెనకబడేది. ఇప్పుడు ఘాట్ మలుపులో యాక్సిలరేటర్ తిప్పీతిప్పగానే రవ్వ కొన్ని డిగ్రీలు వెనక్కి జరుగుతుంది, చదును తగిలి చెయ్యి సడలగానే మళ్లీ ముందుకు వస్తుంది.