పేరు - పరమార్థం

ఏ వస్తువైనా పేరుతోనే లోకవ్యవహారంలోకి వస్తుంది. పేరు పెట్టినవారి దృష్టి ఆ పేరులో నిలిచిపోతుంది. సికింద్రాబాదుకు 1806లో నిజాం సికందర్ జా పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. ఆ నగరంలోని మెట్టుగూడ పేరులో ఉన్న 'గూడ' చిన్న జనావాసాన్ని తెలుపుతుంది. ఒక పేరు పాలకుణ్ణి స్మరింపజేస్తే, మరొకటి ప్రజల నివాసాన్ని సూచిస్తుంది. విద్యాబోధనకు తోడ్పడే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌ల పేర్లు కూడా ఇలాగే పరిశీలింపదగినవి.

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనగా, దాని మూలరచనను ఎవరైనా పరిశీలించి, సవరించి, ఇతరులతో పంచుకోవడానికి అనుమతి గలది. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామస్ రూపొందించిన 'మూడుల్' అటువంటిది. దాని 1.0 వెర్షన్ 2002లోను, 2.0 వెర్షన్ 2010లోను విడుదలయ్యాయి. మొదటి అంకె మారితే పెద్ద మార్పు జరిగిందని భావం. అంకె వరుసను చెప్పగలదు గాని మనసుకు ఏ రూపాన్నీ తోపింపజేయదు.

'ఓపెన్ ఎడెక్స్' నిర్మాతలు మరొక మార్గం ఎంచుకున్నారు. వారు ప్రతి ప్రధాన విడుదలకు ఆంగ్ల అక్షరక్రమంలో ఒక చెట్టు పేరు పెడుతున్నారు. 2014లో 'ఆస్పెన్'తో ఈ వరుస మొదలైంది. 2017లో వచ్చిన 'ఫైకస్' మన మర్రి, రావి, మేడి చెట్లు చేరే ప్రజాతి పేరు. 2025లో వచ్చిన ఇరవయ్యవ పేరు 'టీక్', అనగా మన టేకు. ఆ ఆంగ్లపదం దక్షిణ భారత భాషల నుండి పోర్చుగీసు ద్వారా వెళ్ళినదే. ఈ పద్ధతిలో పేరు వినగానే దాని వరుస తెలుస్తుంది. చెట్టు రూపం మనసులో నిలుస్తుంది.

తెలుగువారి ప్రయత్నం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 2005లో హైదరాబాదులో వెలువడిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టారు. బడిపిల్లల కోసం విద్యోపకరణాలతో కూర్చినది 'బాల స్వేచ్ఛ'. ఆంగ్లంలోని 'ఫ్రీ' అనే మాటకు ఉచితం, స్వతంత్రం అనే రెండర్థాలున్నాయి. అందువల్ల 'ఫ్రీ సాఫ్ట్‌వేర్' అంటే వెల లేనిదని చాలామంది భ్రమపడతారు. తెలుగులో ఆ చిక్కు లేదు. స్వ + ఇచ్ఛ = స్వేచ్ఛ; ఇది గుణసంధి. తన ఇష్టానుసారం వాడుకొని, మార్చుకొనే హక్కు అని ఆ పేరే విప్పి చెబుతుంది. మూలంలోని సందిగ్ధతను మన పదం తొలగించింది.

ఇటువంటి పేరును పెద్దలు అన్వర్థనామం అన్నారు. అర్థానికి తగిన పేరు పెట్టినవారిపై బాధ్యత కూడా ఉంటుంది. స్వేచ్ఛ అని పిలిచి, విద్యార్థికి మార్చే వీలు లేకుండా చేస్తే ఆ పేరు వట్టి శబ్దమే అవుతుంది. అలాగే, కొత్త విజ్ఞానానికి తగిన పేరు తన భాషలో పెట్టుకోలేని జాతి ఆ విజ్ఞానాన్ని ఎరువు సొమ్ముగానే చూస్తుంది. ఈనాటి విద్యార్థులు రేపటి నిర్మాతలు. వారు తమ సృష్టికి పేరు పెట్టేటప్పుడు మొదట మాతృభాష భాండాగారాన్ని తెరచి చూడాలి.

ప్రశ్నలు

1. అంకెతో గుర్తించడానికి, పేరుతో పిలవడానికి గల భేదమేమి?
2. 'స్వేచ్ఛ' అన్వర్థనామం ఎట్లయినదో వివరించండి.