మీకు తెలుసా? కార్నియాను తాకని కాంటాక్ట్ లెన్స్

కాంటాక్ట్ లెన్స్ అనగానే నల్లగుడ్డుకు అతుక్కుని ఉండే పలచటి బిళ్ల గుర్తొస్తుంది. స్క్లెరల్ లెన్స్ అలా ఉండదు. దాని అంచు తెల్లగుడ్డు మీద ఆనుతుంది; మధ్యభాగం కార్నియాకు, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు, తగలకుండా పందిరిలా పైన నిలుస్తుంది. కార్నియా అడ్డుకొలత సుమారు 12 మిల్లీమీటర్లయితే ఈ లెన్స్‌ది 15 నుంచి 20 దాకా ఉంటుంది.

కెరటోకోనస్ వచ్చినవాళ్లకు దీని విలువ బాగా తెలుసు. ఆ జబ్బులో కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొస్తుంది. ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల వయసులోనే బయటపడుతుంది. ముదిరాక కళ్లజోడు ఎన్నిసార్లు మార్చినా అక్షరం తేటపడదు. జోడు నునుపైన వంపును సరిదిద్దగలదు గానీ కార్నియాపై ఇలా ఏర్పడే ఎగుడుదిగుళ్లను సరిదిద్దలేదు.

స్క్లెరల్ లెన్స్‌లో కిటుకంతా దాని కింద నిలిచే సెలైన్‌లో ఉంది. లెన్స్ నిండా సెలైన్ పోసి, ముఖం కిందికి వంచి, కంటికి పెట్టుకుంటారు. ఆ ద్రవం కార్నియా గుంటలనూ మిట్టలనూ కప్పేస్తుంది. కాంతిని వంచడంలో సెలైన్‌కూ కార్నియాకూ పెద్ద తేడా లేదు కాబట్టి, వెలుగుకు ఆ ఎగుడుదిగుళ్లు దాదాపు లేనట్టే. ఎదురయ్యేది లెన్స్ నున్నటి పైభాగం మాత్రమే.

ఇది ఈనాటి ఊహ కాదు. 1888లోనే జ్యూరిక్‌లో అడాల్ఫ్ ఫిక్ గాజు చిప్పలను ద్రాక్ష చక్కెర నీటితో నింపి, ముందు కుందేళ్లకు, తర్వాత తన కంటికే పెట్టి చూశాడు. పారిస్‌లో యూజీన్ కాల్ట్ కెరటోకోనస్ రోగులకు గాజు లెన్సులు వాడాడు. కానీ కార్నియాకు రక్తనాళాలు లేవు, ఆక్సిజన్‌ను గాలి నుంచే తీసుకోవాలి. గాజు దాన్ని రానివ్వదు. కొన్ని గంటలకే చూపు మసకబారేది. ఆక్సిజన్ సాగే ప్లాస్టిక్‌తో 1980ల్లో ఈ లెన్సులు మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. ప్రోజ్ అనే రకం ఇప్పుడు హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనూ అమరుస్తారు.

బెల్జియం వైద్యులు 2018లో ప్రచురించిన పరిశీలనలో, కార్నియా మార్పిడి తప్పదనుకునేంత ముదిరిన 51 కళ్లలో 40 ఈ లెన్సులతోనే నెట్టుకొచ్చాయి. ఆపరేషన్‌కు తేదీ ఖాయం చేసుకునేలోపు డాక్టరుగారిని ఈ లెన్సుల మాట అడిగి తీరాలి. అయితే లెన్స్ జబ్బు ముదరకుండా ఆపదు. అందుకు రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టే క్రాస్‌లింకింగ్ చికిత్స వేరే ఉంది. కళ్లు నులుముకునే అలవాటు మాత్రం ఈ జబ్బుకు బద్ధశత్రువు కాదు, నేస్తం; దాన్ని ఈరోజే మానాలి.