చిత్తుకాగితాల నుంచి చేతికాగితం

కాగితమంటే నీళ్లలో విడిపోయి, నీళ్లు పోయాక మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకున్న సన్నని నారపోగులు. ఇందుకు జిగురు అక్కర్లేదు. తడి ఆరేకొద్దీ నారలోని సెల్యులోజే అతుక్కుంటుంది. అందుకే రాసేసిన కాగితాన్ని నానబెట్టి మళ్లీ కాగితం చేయొచ్చు. క్రీ.శ. 105 ప్రాంతంలో చైనా రాజాస్థానంలో అధికారి అయిన త్సాయ్ లున్ ఈ విద్యను చక్కదిద్దినప్పుడు వాడిన సరుకులో చెట్టుబెరడుతో పాటు చింకిగుడ్డలు, పాత చేపలవలలు కూడా ఉన్నాయంటారు. కాగితం పుట్టిందే చిత్తులోంచి.

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఆ చిత్తుకు కొదవ లేదు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు నిండిన ఈ వీధుల్లో పరీక్షలు అయిపోగానే మోడల్ పేపర్లు, రఫ్ నోట్సులు, జిరాక్స్ మెటీరియల్ కట్టలుగా తూకానికి పోతాయి. వార్తాపత్రిక కంటే ఇది ఎంతో మేలైన సరుకు. న్యూస్‌ప్రింట్‌లో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి ఎండ తగిలితే పసుపెక్కుతుంది. నోటుబుక్కు కాగితం తెల్లగా నిలుస్తుంది. జిరాక్స్ ఇంకు మాత్రం నీళ్లలో కరగదు, నల్లచుక్కలై మిగులుతుంది. ఆ చుక్కలూ చూడ్డానికి బాగుంటాయి. పిన్నులు, లామినేషన్ అట్టలు, నూనె మరకలున్నవి, రసాయన పూత ఉండే షాపు బిల్లులు పక్కన పెట్టేయాలి.

కాగితాన్ని కత్తిరించకుండా చేత్తో చింపితే నార తెగిపోదు. ముక్కలు రాత్రంతా నానాక, గుప్పెడు ముక్కలకు ముప్పావు జార్ నీళ్లు పోసి మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. చెంచాడు గుజ్జు గ్లాసు నీళ్లలో వేసి వెలుతురుకు పెడితే ఉండలు కనిపించకూడదు, పల్చని మబ్బులా పరుచుకోవాలి.

ఒకే కొలత చెక్క చట్రాలు రెండు కావాలి. ఒకదానికి కిటికీ దోమల జాలీ బిగించి, ఖాళీదాన్ని దాని మీద ఆనించాలి. గుజ్జు కలిపిన టబ్బు నీళ్లను బాగా కలియబెట్టి, చట్రాలను ఏటవాలుగా ముంచి, అడుగున సమంగా తిప్పి, అదే మట్టంలో నేరుగా పైకెత్తాలి. నీళ్లు ముందు ధారగా, తర్వాత చుక్కలుగా కారతాయి. ఆ కొద్ది క్షణాల్లోనే అటూ ఇటూ మెల్లగా ఊపితే పోగులు అన్ని వైపులా అల్లుకుంటాయి. పైన మెరుపు పోయిందంటే కాగితం నిలిచినట్టే. ఆ తర్వాత ఊపితే చీలుతుంది.

పై చట్రం తీసి, జాలీని తడిపిన పాత పంచె మీద బోర్లించి, వెనక నుంచి స్పాంజితో అద్ది, ఒక అంచు నుంచి లేపాలి. గుడ్డ, కాగితం, గుడ్డ ఇలా దొంతర పేర్చి రెండు చెక్కల మధ్య పెట్టి, పైన ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ఎక్కిస్తే గట్టిగా అణుగుతుంది. మే నెల డాబా ఎండలో వేస్తే అంచులు ముందే ఆరి కాగితం ముడుచుకుపోతుంది. నీడలో, ఫ్యాను గాలికి ఆరడమే మంచిది.

పెన్నుతో రాయాలంటే గుజ్జులో కాస్త పల్చని గంజి కలపాలి, లేకుంటే సిరా పాకుతుంది. గంజి మరీ ఎక్కువైతే పురుగు పడుతుంది. గుజ్జులో పసుపు కలిపితే రంగు అందంగానే వస్తుంది గానీ వెలుతురుకు వెలిసిపోతుంది. తులసి గింజలు కలిపితే ఆ కాగితాన్ని తర్వాత కుండీలో నాటుకోవచ్చు. గింజలను మిక్సీలో వేయకుండా చివర్లో చల్లి, మొలకెత్తేలోపే ఆరబెట్టాలి.

టబ్బులో మిగిలిన గుజ్జు సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది. గుడ్డలో వడకట్టి, నీళ్లు మొక్కలకు పోయొచ్చు. గుజ్జు రెండు మూడు రోజులకే వాసన వస్తుంది కాబట్టి పిండి ఆరబెట్టి దాచుకోవాలి. తిరగ చేసిన ప్రతిసారీ నార పొట్టిదవుతుంది. అయిదారు విడతల తర్వాత అది కాగితంగా నిలవడం కష్టం. అప్పుడు గిన్నె అడుగున అద్ది ఆరబెడితే నారుమొక్కల కుండీ అవుతుంది.